మీ ఊళ్లో అమ్మ పోసిందా?

మశూచి మన దేశం విడిచి యాభై ఏళ్లు. దాన్ని తరిమిన టీకా గురించి బడి పుస్తకాల్లో చదువుకున్నాం. గడప గడపకూ వెళ్లి ఒకే ప్రశ్న అడిగినవాళ్ల గురించి, వచ్చిన జవాబును దాచకుండా రాసినవాళ్ల గురించి చెప్పుకున్నది తక్కువ. వికారాబాద్, తాండూరు రైలు దారి మీదుగా ఆ కథ.

2021 సెప్టెంబర్ 11న వికారాబాద్‌లో ఒక డ్రోన్ మందుల పెట్టెను మోసుకుని గాల్లోకి లేచింది. కేంద్ర పౌర విమానయాన మంత్రి జ్యోతిరాదిత్య సింధియా, రాష్ట్ర మంత్రి కేటీఆర్ పక్కన నిలబడి చూశారు. ‘మెడిసిన్ ఫ్రమ్ ద స్కై’ అని దానికి పేరు. వికారాబాద్ ఏరియా ఆస్పత్రి చుట్టూ ఉన్న 16 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు టీకాలను, మందులను ఆకాశమార్గాన పంపవచ్చా అని తేల్చుకునే ప్రయోగం అది. కరోనా రోజులు కావడంతో దేశమంతా టీవీల్లో చూసింది.

మంచి పనే. అయితే టీకా ఊరికి చేరడం ఒక ఎత్తు, ఆ ఊళ్లో ఏ ఇంటికి ముందు వెళ్లాలో తెలియడం ఇంకో ఎత్తు. మొదటిదానికి డబ్బు, యంత్రం చాలు. రెండోదానికి ఊరు నోరు విప్పాలి. విప్పిన మాటను పైవాళ్లు వినాలి, విన్నాక కోప్పడకుండా ఉండాలి. ఈ పాఠం మన దేశానికి మశూచే నేర్పింది. నేర్చుకోవడానికి పదేళ్లు దాటింది. ఆలోగా పోయిన ప్రాణాలు వేలల్లో ఉన్నాయి.

బండల ఊరు, రైలు దారి

తాండూరు అనగానే బయటివాళ్లకు గుర్తొచ్చేవి రెండు: కందిపప్పు, నాపరాళ్లు. కందికి 2022 డిసెంబర్‌లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బండలకు ఏ గుర్తింపూ అక్కర్లేదు, వాకిట్లో నిలబడి కిందికి చూస్తే చాలు. మశూచి కథకు పనికొచ్చేది మాత్రం మూడో సంగతి. తాండూరు సరిహద్దు ఊరు, పైగా రైలున్న ఊరు.

1956 నవంబర్ 1 దాకా తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాలోది. రాష్ట్రాల పునర్విభజనలో ఇటు హైదరాబాద్ జిల్లాలో కలిసింది. పక్కనున్న కొడంగల్ మహబూబ్‌నగర్‌కు పోయింది. పటం మీద గీత జరిగింది గానీ చుట్టరికాలు జరగలేదు. సేడం వైపు ఇచ్చిన ఆడబిడ్డ పండక్కి ఇటు రావాల్సిందే, చించోలి మేనమామ పెళ్లికి ఇక్కడివాళ్లు అటు పోవాల్సిందే. అంగడికి, జాతరకు జనం అడ్డదారుల్లో నడుస్తూనే ఉన్నారు. వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో పడ్డ రైలు దారి తాండూరు, వికారాబాద్ మీదుగానే వెళ్తుంది. అటువైపు పట్టుకుంటే బొంబాయి దాకా పోవచ్చు. వికారాబాద్‌లో బీదర్, పర్లి వైపు ఇంకో లైను చీలుతుంది. మట్టిపనికి, కట్టడాల పనికి పోయే పాలమూరు కూలీలకు పశ్చిమానికి దారి ఇదే.

మశూచి క్రిమికి ఇంతకంటే అనువైన దారి ఉండదు. అది ఒంట్లోకి వెళ్లాక దాదాపు పన్నెండు రోజులు ఏమీ తెలియదు. జ్వరం లేదు, పొక్కు లేదు. బొంబాయిలో అంటించుకున్నవాడు నవ్వుతూ రైలెక్కి, నవ్వుతూ తాండూరులో దిగి, బండెక్కి ఊరికి పోయి, అమ్మ చేతి జొన్నరొట్టె తిని, వారం తర్వాత మంచం పడతాడు. పొక్కు పుట్టింది ఒక చోట, క్రిమి పుట్టింది ఇంకో చోట, మధ్యలో రాష్ట్రం గీత. ఈ కేసు ఎవరి ఖాతాలో రాయాలి? ‘అది మీదే’ అని ఒకరంటే ‘మీ రైల్లోనే వచ్చింది’ అని ఇంకొకరు. మశూచి నిర్మూలన కార్యక్రమం గట్టిపడ్డాక ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి కబురు పంపే పద్ధతి పెట్టారు: మీ దగ్గరి నుంచి వచ్చిన మనిషికి ఇక్కడ మశూచి తేలింది, అక్కడ ఎవరి దగ్గర అంటుకుందో వెతకండి అని. అందుకే రోగి దగ్గర కూర్చున్న ఆరోగ్య కార్యకర్త అడగాల్సిన మొదటి మాట ‘రెండు వారాల కింద ఎక్కడున్నావు?’

వేపమండ కట్టిన గుమ్మం

మన పల్లెల్లో ఎవరూ దాన్ని మశూచి అనలేదు. అమ్మ పోసింది, తల్లి పోసింది, పెద్దమ్మవారు వచ్చింది అన్నారు. పట్నంలో ఉర్దూ మాట్లాడేవాళ్లు చేచక్ అన్నారు. తట్టు వేరు, చిన్నమ్మవారు వేరు, పెద్దమ్మవారు వేరు అని చూసి చెప్పగల ముసలమ్మలు ప్రతి వాడలోనూ ఉండేవాళ్లు. పొక్కులు ముఖం, చేతులు, కాళ్ల మీద దట్టంగా, లోతుగా, అన్నీ ఒకే ఈడువిగా ఉంటే పెద్దమ్మవారు. వీపు, ఛాతీ మీద ఎక్కువగా, కొన్ని పచ్చిగా కొన్ని ఎండి ఉంటే చిన్నది. డాక్టర్ల పుస్తకాల్లో ఉన్న తేడా కూడా సరిగ్గా ఇదే.

గుమ్మానికి వేపమండ, మంచం చుట్టూ వేపాకు, ఒంటికి పసుపు. ఇంట్లో తాలింపు పెట్టరు. బయటివాళ్లు లోపలికి రారు, లోపలివాళ్లు శుభకార్యాలకు పోరు. తగ్గాక వేపాకు వేసి కాచిన నీళ్లతో స్నానం, పోచమ్మకు బోనం. బతికిన పిల్లకు పోచమ్మ అనో, పిల్లాడికి పోచయ్య అనో పేరు. చదువుకున్నవాళ్లు దీన్నంతా మూఢనమ్మకమని ఒక్క మాటలో కొట్టేస్తారు. నాకు అంత తేలిగ్గా తోచదు. రోగిని వేరుగా ఉంచడం, రాకపోకలు ఆపడం, గుమ్మానికి గుర్తు కట్టడం, ఇవన్నీ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ మనుషులొచ్చి చేయించినవే. అప్పుడు వేపమండ స్థానంలో కాపలా మనిషి నిలబడ్డాడు, అంతే.

అయితే చెడు కూడా అక్కడే ఉంది. అమ్మ ఇంట్లో ఉండగా సూది వేయిస్తే ఆమెకు కోపం వస్తుందన్న భయం టీకాలాయన్ని గడప దగ్గరే ఆపింది. పిల్లల్ని గరిసెల చాటున, చేలల్లో దాచారు. టీకా లేని పది మందికి పెద్దమ్మవారు పోస్తే దాదాపు ముగ్గురు పోయేవాళ్లు. పసిపిల్లల్లో ఇంకా ఎక్కువ. బతికినవాళ్లలో కొందరికి కళ్లు పోయాయి, ముఖాల మీద గుంటలు జీవితాంతం మిగిలాయి. ఆ గుంటల వల్ల పెళ్లి కాని ఆడపిల్లల లెక్క ఏ రిజిస్టర్‌లోనూ లేదు.

ఇందులో ఒక విషయం గమనించాలి. వేపమండ కట్టిన ఇల్లు ఏదో ఊరంతటికీ తెలుసు. చాకలికి తెలుసు, మంత్రసానికి తెలుసు, బడి పిల్లలకు తెలుసు, అంగడిలో కూరగాయలమ్మే ఆమెకు తెలుసు. జననమరణాలు రాయాల్సిన పోలీసు పటేల్‌కు తెలిసినా తెలియనట్టు ఉండేవాడు, ఎందుకంటే రాస్తే పైనుంచి విచారణ వస్తుంది. సమాచారం ఊళ్లోనే పుష్కలంగా ఉంది. ఊరు దాటడమే లేదు.

నారాయణగూడ నుంచి ముంజేతి దాకా

1796లో ఇంగ్లండ్‌లో ఎడ్వర్డ్ జెన్నర్ గోమశూచి రసంతో టీకా కనిపెట్టిన ముచ్చట అందరికీ తెలిసిందే. అది 1802లో బొంబాయి చేరి, అక్కడి నుంచి మనిషి చేతి మీది పొక్కు రసం ఇంకో మనిషికి అంటిస్తూ దేశంలోకి వచ్చింది. అంటే టీకాకూ వ్యాధికీ దాదాపు నూట డెబ్బై ఏళ్లు ఒకే దేశంలో కాపురం. టీకా ఉంటే చాలదనడానికి వేరే రుజువు అక్కర్లేదు.

పాత టీకా ద్రవరూపంలో ఉండేది. దూడల, గొర్రెల చర్మం మీద పెంచిన రసాన్ని గ్లిజరిన్‌లో కలిపి పంపేవాళ్లు. ఎండాకాలంలో అది కొద్ది రోజుల్లోనే చచ్చిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో తాండూరు బండల మీద చెప్పుల్లేకుండా నడిచినవాళ్లకు ఆ టీకా గతి ఏమై ఉంటుందో చెప్పక్కర్లేదు. సూది పడేది, రిజిస్టర్‌లో టిక్కు పడేది, చేతి మీద పొక్కు మాత్రం లేచేది కాదు. 1950లలో లండన్ లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో లెస్లీ కాలియర్ టీకాను గడ్డకట్టించి ఆరబెట్టే పద్ధతిని పెద్ద ఎత్తున తయారీకి కుదిర్చాడు. 37 డిగ్రీల వేడిలో నెల రోజులు ఉన్నా ఆ పొడి పనిచేస్తుంది. మొదట్లో సోవియట్ యూనియన్ కోట్ల మోతాదులు ఉచితంగా ఇచ్చింది. తర్వాత మన దేశంలోనే నాలుగు చోట్ల తయారీ మొదలైంది: నైనిటాల్ దగ్గరి పట్వాడాంగర్, మద్రాసు గిండీ, బెల్గాం, హైదరాబాద్. నాలుగోది నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్. నీళ్ల పరీక్షకో, కుక్క కాటు సూదికో ఐపీఎంకు వెళ్లినవాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, ప్రపంచం నుంచి ఒక రోగాన్ని తుడిచేసిన టీకా ఆ ఆవరణలోనూ తయారైంది.

ఇక పరికరం. మన దగ్గర చాలాకాలం వాడింది గుండ్రని పళ్ల బిళ్ల. చర్మం మీద పెట్టి తిప్పుతారు. పిల్ల కెవ్వుమనేది, తల్లి టీకాలాయన్ని శాపనార్థాలు పెట్టేది. ఇప్పుడు అరవై దాటినవాళ్ల చేతుల మీద కనిపించే పెద్ద గుండ్రని మచ్చలు దాని ఆనవాళ్లు. (జబ్బ మీద చిన్న మచ్చ ఒక్కటే ఉంటే అది బీసీజీ కావచ్చు, క్షయది. తర్వాతి తరాల వాళ్లకు మిగిలింది అదే.) 1965లో అమెరికాలోని వైత్ కంపెనీలో బెంజమిన్ రూబిన్ కుట్టుసూది కన్నం వైపు కొసను కోసి రెండు కొనల సూది చేశాడు. ముంచి తీస్తే సరిగ్గా ఒక మోతాదు రసం ఆ రెండు కొనల మధ్య నిలుస్తుంది. చర్మం మీద పదిహేను సార్లు పొడిస్తే సరి. పాతిక మందికి వచ్చే సీసా వంద మందికి వచ్చింది. చదువు రానివాళ్లు కూడా పది నిమిషాల్లో నేర్చుకున్నారు. వైత్ దాని మీద రాయల్టీ అడగలేదు. ఈ మొత్తం కథలో నాకు బాగా నచ్చిన వస్తువు ఈ సూది.

నూటికి నూరు వేసినా తగ్గలేదు

భారత ప్రభుత్వం 1962లో జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. మూడేళ్లలో జనాభాలో నూటికి ఎనభై మందికి టీకాలు వేస్తే వ్యాధి తనంతట తానే ఆగుతుందని లెక్క. టీకాలవాళ్లు సైకిళ్ల మీద, ఎడ్లబండ్ల మీద తిరిగారు. ఊరి బయట డప్పు, దండోరా. రిజిస్టర్లు నిండాయి. కొన్ని జిల్లాల్లో జనాభాకు మించి టీకాలు పడ్డట్టు లెక్క తేలింది. అయినా 1967లో దేశంలో దాదాపు 85 వేల కేసులు నమోదయ్యాయి.

తప్పు ఎక్కడుంది? రోజుకిన్ని వేయాలని లక్ష్యం పెట్టారు. లక్ష్యం చేరాలంటే సులువైన చోటు బడి. వరసలో నిలబెట్టి, పోయినేడు వేసిన పిల్లలకే మళ్లీ వేశారు. ఇంట్లో ఉయ్యాలలో ఉన్న పసిబిడ్డ, గనుల దగ్గర గుడిసెల్లో ఉండే కూలీ పిల్లలు, వలసపోయి తిరిగొచ్చినవాళ్లు లెక్కలోకి రాలేదు. క్రిమికి కావాల్సింది వాళ్లే. పైవాళ్లు అడిగింది ‘ఎన్ని వేశావు?’ అని. ‘ఎన్ని కేసులున్నాయి?’ అని అడిగితే అది పని కాదు, నింద. కేసు రాసిన టీకాలాయన తన ప్రాంతంలో పని చేయలేదని తానే ఒప్పుకున్నట్టయ్యేది. కాబట్టి రాయలేదు. నింద పడుతుందని తెలిసి నిజం రాసే ఉద్యోగి ఏ శాఖలోనూ ఉండడు. దానికి టీకాల శాఖను ఒక్కదాన్నే తిట్టి లాభం లేదు.

రెండు ఓట్లతో గట్టెక్కిన తీర్మానం

ప్రపంచం నుంచి మశూచిని తుడిచేద్దామని 1958లో ప్రపంచ ఆరోగ్య సభలో ప్రతిపాదించింది సోవియట్ ఉప ఆరోగ్య మంత్రి విక్టర్ ఝ్దానోవ్. మరుసటి ఏడు సభ ఒప్పుకుంది గానీ డబ్బు ఇవ్వలేదు. 1966లో ఏడాదికి 24 లక్షల డాలర్ల బడ్జెట్‌తో గట్టి కార్యక్రమం కావాలన్న తీర్మానం రెండంటే రెండు ఓట్ల తేడాతో గట్టెక్కింది. అప్పటి డైరెక్టర్ జనరల్ మార్కోలినో కాండావ్‌కు ఇది జరిగే పని కాదని గట్టి నమ్మకం. ఓడిపోయాక నింద అమెరికా మీద పడాలని అమెరికన్నే అధిపతిగా పెట్టమన్నాడని, ఆ పదవిలోకి వచ్చిన డొనాల్డ్ హెండర్సన్ తర్వాత రాసుకున్నాడు. 1967లో పని మొదలైనప్పుడు 31 దేశాల్లో మశూచి పాతుకుపోయి ఉంది. ఆ ఒక్క ఏడాదే కోటి నుంచి కోటిన్నర మందికి వచ్చి ఉంటుందని అంచనా.

ప్రచ్ఛన్నయుద్ధం రోజుల్లో రష్యా టీకా, అమెరికా అధిపతి ఒకే బండి లాగడం వింతే. కానీ దారి చూపింది ఆ రెండు రాజధానులు కాదు. 1966 చివర్లో తూర్పు నైజీరియాలో టీకాలు తక్కువ పడి, విలియం ఫేగీ అనే యువ డాక్టర్ ఉన్న కొద్దిపాటి మందును కేసులున్న ఊళ్ల చుట్టూ మాత్రమే వాడాడు. కొద్ది నెలల్లో వ్యాధి ఆగిపోయింది. మనకు ఇంకా దగ్గర్లో, మద్రాసు అంటువ్యాధుల ఆస్పత్రిలో డాక్టర్ ఎ. రామచంద్రరావు దాదాపు 7 వేల మంది మశూచి రోగులను చూసి రాసిపెట్టుకున్నాడు. జనం అనుకున్నంత వేగంగా ఇది పాకదని, రోగి మంచం పట్టాకే అంటిస్తాడని, అంటేది ఎక్కువగా ఇంట్లోవాళ్లకు, చూడ్డానికి వచ్చినవాళ్లకేనని ఆయన పరిశీలనల్లో తేలింది. ఆయన చేసిన వ్యాధి వర్గీకరణనే ప్రపంచ ఆరోగ్య సంస్థ తీసుకుంది. రోగిని కనుక్కుని చుట్టూ కట్టడి చేసే పద్ధతితో మద్రాసు ముందే బయటపడింది. ఢిల్లీ ఆ పద్ధతిని దేశమంతటికీ ఒప్పుకోవడానికి 1973 దాకా ఆగాల్సి వచ్చింది.

ఈ పద్ధతి మశూచికే ఎందుకు పనిచేసిందో అర్థం కావాలంటే వికారాబాద్ పక్కనున్న అనంతగిరికి వెళ్లాలి. గుట్ట మీద నిజాం కాలం నుంచి ఉన్న క్షయ ఆస్పత్రి తెలుసు కదా. క్షయ క్రిమి మనిషి ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా దాక్కుంటుంది. పక్కవాడికి ఉందో లేదో చూసి చెప్పలేం. మందు నెలల తరబడి మింగాలి. మశూచి అలా కాదు. వస్తే ముఖం మీదే వస్తుంది, దాక్కుని తిరిగే రోగి ఉండడు. జంతువుల్లో బతకదు, మనిషిని వదిలితే దానికి ఇంకో ఇల్లు లేదు. ఒక్క టీకా ఏళ్ల తరబడి కాపాడుతుంది, అంటుకున్న మూడు నాలుగు రోజుల్లోపు వేసినా చాలావరకు పనిచేస్తుంది. కళ్లతో కనిపించే శత్రువు కాబట్టి వెతికితే దొరుకుతుంది. వెతకాలి, అంతే.

అంకె పెరిగిన ఏడాది

1973 నాటికి దక్షిణాది చాలావరకు ఊపిరి పీల్చుకుంది. మిగిలింది ప్రధానంగా ఉత్తర ప్రదేశ్, బిహార్, పశ్చిమ బెంగాల్, మధ్యప్రదేశ్. ఆ అక్టోబర్‌లో ఆరోగ్య కార్యకర్తలందరినీ వారం రోజులు మిగతా పనులు మాన్పించి ఊరూరా పంపారు. చేతిలో మశూచి సోకిన బిడ్డ ఫొటో ఉన్న కార్డు, నోట్లో ఒకే ప్రశ్న: ఇలాంటిది ఎక్కడైనా చూశారా? బడిలో అడిగారు, టీ కొట్టు దగ్గర అడిగారు, అంగడిలో అడిగారు. ఉత్తర ప్రదేశ్, బిహార్‌లలో ఆ మొదటి వెతుకులాటలోనే దాదాపు 10 వేల కొత్త కేసులు బయటపడ్డాయి. అన్నీ అప్పటిదాకా లేవనుకున్నవే.

నాయకత్వమనే మాటకు ఈ కథలో అసలైన అర్థం ఇక్కడ కనిపిస్తుందని నా అభిప్రాయం. కేసులు పెరిగాయని పత్రికలు రాస్తాయి, పార్లమెంటులో అడుగుతారు, విదేశాలు నవ్వుతాయి. అయినా అంకెను పెరగనిచ్చారు. ఆరోగ్య మంత్రి కరణ్ సింగ్, జాతీయ అంటువ్యాధుల సంస్థ డైరెక్టర్ ఎం.ఐ.డి. శర్మ, డాక్టర్ పి. దీష్, ఆర్.ఎన్. బసు, మహేంద్ర దత్తా, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఢిల్లీ కార్యాలయంలో నికోల్ గ్రాసే. వీళ్లు నిజం రాసినవాడిని శిక్షించొద్దని పట్టుబట్టారు. ఆ పట్టుదల లేకపోతే కార్డులు, సూదులు ఎన్ని ఉన్నా ఏం లాభం?

1974లో దేశంలో 1,88,003 కేసులు, 31,262 మరణాలు నమోదయ్యాయి. మే నెల అన్నిటికంటే ఘోరం. ఆ నెల 8న దేశవ్యాప్త రైల్వే సమ్మె మొదలైంది. 18న పోఖ్రాన్‌లో అణుపరీక్ష జరిగింది. అణుబాంబు పేల్చే దేశం మశూచిని ఆపలేకపోతోందని విదేశీ పత్రికలు దెప్పాయి. మాటలో విషం ఉంది, నిజమూ ఉంది. జంషెడ్‌పూర్ నుంచి రైలెక్కిన కూలీలతో వ్యాధి వేరే రాష్ట్రాలకు పోతోంది. చివరికి టాటా కంపెనీ తన డాక్టర్లను, జీపులను దింపాల్సి వచ్చింది. బిహార్ ఆరోగ్య మంత్రికి భయం పట్టుకుంది. ఈ వెతుకులాట చాలు, పాతపద్ధతిలో అందరికీ టీకాలు వేద్దామన్నాడు. ఆ సమావేశంలో ఒక యువ భారతీయ డాక్టర్ లేచి, మా ఊళ్లో ఒక ఇల్లు అంటుకుంటే ఆ ఇంటి మీదే నీళ్లు పోస్తాం గానీ అన్ని ఇళ్ల మీదా చల్లుకుంటూ పోము అన్నాడని ఫేగీ రాశాడు. మంత్రి ఇంకో నెల గడువిచ్చాడు. ఆ డాక్టర్ పేరు మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. ఇలాంటి కథల్లో పేరు పోయేది ఎప్పుడూ మనవాళ్లదే కావడం నాకు కొంచెం గుచ్చుకుంటుంది. చరిత్రకారుడు సంజయ్ భట్టాచార్య కూడా ఈ నిర్మూలనను జెనీవా నుంచి కాక జిల్లాల నుంచి చూడాలని వాదించాడు.

కట్టడి ఎలా ఉండేదంటే, కేసు తేలిన ఇంటి ముందు పగలూ రాత్రీ కాపలా. వచ్చేపోయే ప్రతి మనిషికీ టీకా. కూలికి పోలేరు కాబట్టి ఇంటివాళ్లకు తిండి పంపేవాళ్లు. ఊరంతా టీకాలు, తర్వాత మైళ్ల దూరం చుట్టుపక్కల వెతుకులాట. కేసు చూపినవాళ్లకు బహుమతి మొదట యాభై, వంద రూపాయలు. 1975లో వెయ్యి చేశారు. అది అప్పట్లో కూలి మనిషి కొన్ని నెలల సంపాదన. వెయ్యి ప్రకటించగానే చిన్నమ్మవారు పోసిన పిల్లల్ని కూడా పట్టుకొచ్చారు. ప్రతి ఒక్కటీ డాక్టర్ వెళ్లి చూశాడు. అది విసుగు పని, అయినా అదే అసలు పని.

దీన్ని పండగలా చెప్పుకోవడం సరికాదు. వద్దన్నవాళ్ల తలుపులు పగలగొట్టి, రాత్రిపూట పట్టుకుని బలవంతంగా టీకాలు వేసిన ఘటనలున్నాయి. అమెరికా చరిత్రకారుడు పాల్ గ్రీనో వాటిని వివరంగా రాశాడు. సూది దిగింది గానీ నమ్మకం విరిగింది. ఆ విరుపు తర్వాతి కార్యక్రమాలకు అడ్డం పడలేదని ఎవరూ చెప్పలేరు.

1975 మే 24న అస్సాంలోని కరీంగంజ్‌లో సైబాన్ బీబీకి పొక్కులు లేచాయి. దేశంలో ఆఖరి కేసు ఆమెదే, వ్యాధి బంగ్లాదేశ్ నుంచి వచ్చింది. ఆ తర్వాత రెండేళ్లు లేని రోగాన్ని వెతికారు. ఒక్కో విడతలో లక్షకు పైగా కార్యకర్తలు దేశంలోని దాదాపు 10 కోట్ల ఇళ్లు తిరిగారు. మన జిల్లాల్లో టీకాలాయన అప్పటికి బహుళార్థ ఆరోగ్య కార్యకర్త అయ్యాడు. మలేరియా, కుటుంబ నియంత్రణ, టీకాలు అన్నీ ఆయన సంచిలోకే వచ్చాయి. 1977 ఏప్రిల్‌లో అంతర్జాతీయ నిపుణుల బృందం భారత్‌లో మశూచి లేదని తేల్చింది. సోమాలియాలో అలీ మావ్ మాలిన్‌కు అదే ఏడాది అక్టోబర్‌లో సోకిందే ప్రపంచంలో సహజంగా వచ్చిన ఆఖరి మశూచి. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సభ నిర్మూలన ప్రకటించింది. 1967 నుంచి మొత్తం ఖర్చు దాదాపు 30 కోట్ల డాలర్లు.

ఇప్పుడు ఎవరు అడుగుతున్నారు?

వెతుకులాట పద్ధతి మశూచితో ఆగలేదు. తెలంగాణ, రాయలసీమ దిగుడుబావుల నీళ్లతో వచ్చే నారి కురుపును 1980లలో ఇల్లిల్లూ తిరిగే వెతికారు. 2000లో దేశం దాన్నుంచి బయటపడినట్టు ధ్రువీకరణ వచ్చింది. 2016లో హైదరాబాద్ అంబర్‌పేట మురుగునీటిలో టీకా నుంచి పుట్టిన పోలియో క్రిమి ఆనవాలు దొరికింది. ఒక్క బిడ్డకూ జబ్బు రాలేదు. అయినా జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లోని ముప్పున్న ప్రాంతాల్లో పిల్లలకు అదనంగా టీకాలు వేశారు. వికారాబాద్ అప్పటికి ఇంకా రంగారెడ్డి జిల్లాలోదే, ఆ అక్టోబర్‌లోనే వేరు పడింది. 2022 జూలైలో కువైట్ నుంచి వచ్చిన కామారెడ్డి వ్యక్తికి ఒంటి మీద పొక్కులు లేచాయి. మంకీపాక్స్ అనుమానంతో నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి, మనవాళ్లు ఇప్పటికీ కోరంటి దవాఖాన అనే చోటికి, పంపారు. నమూనా పుణె వెళ్లింది, లేదని తేలింది. ఆలోగా ఆయన్ని కలిసినవాళ్ల మీద కన్నేసి ఉంచారు. మశూచి కాలం నాటి అలవాటే ఇది.

దేశంలో 2004 నుంచి సమీకృత వ్యాధి నిఘా కార్యక్రమం ఉంది. అందులో ‘ఎస్’ అనే ఫారం ఊళ్లోని ఆరోగ్య కార్యకర్తది. ఎంతమందికి జ్వరం, ఎంతమందికి జ్వరంతో దద్దురు, ఎంతమందికి వాంతులు విరేచనాలు. ఇప్పుడు కాగితం పోయి ఫోన్లోకి వచ్చింది. తాండూరు వైపు ఏ ఉపకేంద్రంలో ఉన్న ఏఎన్ఎం అయినా ఈ అంకెల్లో కొంత ఆశా కార్యకర్త నోటి నుంచి, కొంత తాను తిరిగి తెచ్చుకుంటుంది. ఆశాకు నెల జీతం లేదు, పనిని బట్టి పారితోషికం. 2022 జనవరిలో రాష్ట్రమంతటా ఇంటింటి జ్వరం సర్వే చేసి, మందుల కిట్లు పంచిందీ ఈ ఆడవాళ్లే. నాపరాతి గనుల దగ్గరి గుడిసెల్లో ఎవరు కొత్తగా దిగారో, సేడం నుంచి ఎవరింటికి చుట్టాలొచ్చారో, ఏ ఇంట్లో పిల్లకు మూడు రోజులుగా జ్వరమో ఆశాకు తెలుసు.

ఒక వారం ఏఎన్ఎం ఫారంలో జ్వరాల అంకె నాలుగు నుంచి పద్నాలుగు అయితే పైనుంచి ఫోను వస్తుంది. ఆ ఫోనులో ముందు వచ్చే ప్రశ్న ‘ఏం పంపమంటావు?’ అనా, ‘ఎందుకు పెరిగింది?’ అనా? 1962 నుంచి 1973 దాకా అడిగింది రెండోదే.